అంకెల్లో రంగు, కంట్లో రంగు

మనిషి కంట్లో మూడు రకాల గ్రాహకాలు ఉండాలని థామస్ యంగ్ 1802లో ఊహించాడు. ఆ ఊహకు ప్రమాణంగా నిలిచే కొలతలు రావడానికి వందేళ్లకు పైనే పట్టింది. 1920ల చివర ఇంగ్లండులో రైట్, గిల్డ్ విడివిడిగా ప్రయోగాలు చేశారు. ఒక పక్క ఒకే తరంగదైర్ఘ్యపు కాంతి, మరో పక్క ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల మిశ్రమం. రెండూ ఒక్కటిగా కనిపించేదాకా ఆ మూడింటినీ సర్దాలి. ఇద్దరి దగ్గరా కలిపి చూసినవాళ్లు 17 మందే. 1931లో సీఐఈ అనే అంతర్జాతీయ సంస్థ రంగుకు ఇచ్చిన అంకెలు వీళ్ల కళ్లలోంచి వచ్చినవే. నేటి తెరల రంగు ప్రమాణాలకూ అదే పునాది.

అయితే ఆ ప్రయోగం అడిగింది ఒక్కటే: ఈ రెండు రంగులూ ఒకటేనా? కాకపోతే కంటికి ఎంత తేడా అనేది అడగలేదు. దాన్ని 1942లో కోడక్ పరిశోధకుడు మెక్ఆడమ్ అడిగాడు. 25 రంగులు తీసుకుని, ఒక్కో రంగు చుట్టూ కన్ను తేడా పట్టలేని మేరను గుర్తించాడు. సీఐఈ పటం మీద అవి దీర్ఘవృత్తాలుగా తేలాయి. ఆకుపచ్చ దగ్గర పెద్దవి, నీలం దగ్గర బాగా చిన్నవి. అంకెల్లో సమానమైన దూరం కంటికి సమానం కాదన్నమాట. ఆ వంకర సరిచేయడానికే 1976లో సీఐఈ ల్యాబ్ పద్ధతి తెచ్చింది.

కంప్యూటర్ గ్రాఫిక్స్ మాత్రం చాలాకాలం వేరే దారిలో నడిచింది. 1978లో ఆల్వీ రే స్మిత్ ప్రకటించిన హెచ్ఎస్‌వీ అనే రంగుల పద్ధతి, బొమ్మలు వేసేవాళ్లకు నిజంగా మేలు చేసింది. కాని అందులో నిండు పసుపుకూ నిండు నీలానికీ 'వాల్యూ' ఒకటే, నూటికి నూరు. మామూలు తెర మీద ఆ పసుపు ఇచ్చే వెలుగు నీలానికి దాదాపు 13 రెట్లు! అలాంటి రంగులను ఇంద్రధనుస్సు వరుసలో పేర్చి ఉష్ణోగ్రతకో ఒత్తిడికో పూస్తే, డేటా నెమ్మదిగా మారుతున్న చోట కూడా పసుపు పట్టీ ఒకటి గీతలా మెరుస్తుంది. లేని హద్దు కనిపిస్తుంది, ఉన్న తేడా ఆకుపచ్చలో కలిసిపోతుంది.

దీనివల్ల వైద్యంలో ఎంత నష్టమో 2011లో హార్వర్డ్‌లో మిషెల్ బోర్కిన్ బృందం చూపింది. గుండె ధమనుల్లో జబ్బుకు లోనయ్యే చోట్లను వైద్య విద్యార్థుల చేత గుర్తింపజేశారు. సమతల చిత్రంలో ఇంద్రధనుస్సు రంగులు వాడినప్పుడు 62 శాతం చోట్లే పట్టుకున్నారు. చిత్రం అదే ఉంచి రంగుల వరుస మారిస్తే 91 శాతం పట్టుకున్నారు. సాఫ్ట్‌వేర్ దానంతట అది ఇచ్చే రంగులను మార్చుకునేవాళ్లు తక్కువ. కాబట్టి మారవలసింది అక్కడే. మాట్‌ల్యాబ్ సాఫ్ట్‌వేర్ 2014లో పాత ఇంద్రధనుస్సు వరుస 'జెట్'ను దానంతట అది ఇవ్వడం మానేసింది. 2017లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ 'విరిడిస్' అనే వరుసకు మారింది. ముదురు ఊదాలో మొదలై, ఆకుపచ్చ మీదుగా పసుపు దాకా విరిడిస్‌లో వెలుగు ఒకే తీరున పెరుగుతుంది. నలుపు తెలుపుల్లో అచ్చేసినా, ఎరుపూ ఆకుపచ్చా వేరు చేయలేని కన్ను చూసినా ఎక్కువతక్కువల వరుస చెడదు.