ఎండేసిన మంచం, పాలిష్ పెట్టిన బల్ల

కుర్చీ అరబ్బీ మాట. అలమర పోర్చుగీసుల నుంచి వచ్చింది. సోఫా పుట్టుక కూడా అరబ్బీలోనే, మన దగ్గరికి మాత్రం ఇంగ్లీషు వాళ్ల వెంట చేరింది. వీటికంటే ముందు నుంచీ మన ఇళ్లలో ఉన్నవి పీట, మంచం, బల్ల, ఉయ్యాల, భోషాణం. ఇంటి సామాన్ల చరిత్రను ఈ మాటల వరసలోనే చదువుకోవచ్చు. వాటిని శుభ్రం చేసుకున్న చరిత్ర మాత్రం పుస్తకాల్లో పెద్దగా కనిపించదు. అది ఆడవాళ్ల చేతుల్లో, వడ్రంగుల చేతుల్లో ఉండిపోయింది. కొత్త వస్తువు వచ్చినప్పుడల్లా దాని పేరు దానితోపాటే వచ్చింది, దాన్ని చూసుకునే పద్ధతి మాత్రం వెంట రాలేదు. పాతదానికి చేసిన సేవనే కొత్తదానికీ చేశాం. మన ఇళ్లలో మంచి సామాన్లు చాలావరకు పాడైంది నిర్లక్ష్యం వల్ల కాదు, ఇలా దారి తప్పిన శ్రద్ధ వల్ల అని నా నమ్మకం.

మొదట మంచం సంగతి. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు, మధ్యలో నులక అల్లిక. మేకు అక్కర్లేకుండా పట్టె చివరను కోడు తొలిలో దూర్చి బిగించేవాళ్లు. ఈ కూర్పులోనే శుభ్రం చేసే ఉపాయం ఉంది. నల్లులు చేరితే మంచాన్ని ఎత్తి ఎండలో నిలబెట్టేవాళ్లు. అల్లిక సందుల్లో, కోడూ పట్టే కలిసేచోట సలసల కాగిన నీళ్లు పోసేవాళ్లు. యాభై డిగ్రీల వేడి దగ్గర నల్లీ, దాని గుడ్డూ రెండూ బతకవు. రోహిణి కార్తెలో బండమీద ఎండేసిన మంచానికి ఆ వేడి దొరకడం కష్టం కాదు. అల్లిక సాగితే కాళ్లవైపు తాడు లాగి బిగించేవాళ్లు, మరీ నలిగితే నులక మొత్తం విప్పి కొత్తది అల్లేవాళ్లు. నవారు మంచమైతే ఇంకా నయం, పట్టీలన్నీ ఊడదీసి చాకిరేవుకు వేయొచ్చు. విప్పదీయగలిగింది కాబట్టే అది తరాలపాటు నిలిచింది. ఇవాళ్టి మంచాల్లో నాకు కనపడని గుణం ఇదే.

పీటకూ బల్లకూ నీళ్లే మందు. చేవ తేలిన కర్రకు ఏ పూతా ఉండేది కాదు. బూడిదతోనో కుంకుడు రసంతోనో కొబ్బరి పీచు పెట్టి రుద్ది, కడిగి, నీడలో ఆరబెట్టేవాళ్లు. టేకులో సహజంగా ఉండే నూనెల వల్ల చెద దాని జోలికి అంత తేలిగ్గా రాదు. గడపకు పసుపు రాయడం, పండగ ముందు తలుపులు కడగడం కూడా పూత లేని కర్రకు సరిపోయే పద్ధతులే. నీరు కర్రలోకి పోతుంది, మళ్లీ బయటికి వస్తుంది. మధ్యలో దాన్ని అడ్డుకునే పొర ఏదీ లేదు.

కర్ర ఎంపికే సంరక్షణలో సగం అన్న ఎరుక మన దగ్గర చాలా పాతది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో పడకలకూ ఆసనాలకూ ఒక అధ్యాయమే కేటాయించాడు. ఏ చెట్ల కర్ర మంచిదో అందులో వరసగా చెప్పాడు. వేగిస, చందనం, సాల, తుమికి, టేకు, ఇరుగుడు ఆ జాబితాలో ఉన్నాయి. పిడుగు పడిన చెట్టు, గాలికి కూలిన చెట్టు వద్దన్నాడు. శకునాల పేరుతో చెప్పినా, లోపల చీలిక వచ్చిన కర్రను పక్కన పెట్టమనడం వడ్రంగి ఎవరైనా ఒప్పుకునే మాటే.

పూత అనేది మన దగ్గర లక్కతో మొదలైంది. కుసుమ, మోదుగ, రేగు చెట్ల కొమ్మలమీద బతికే చిన్న పురుగు విడిచే జిగురు అది. లక్క ఇల్లు కథ ఎరగని తెలుగువాళ్లు ఉండరు కాబట్టి అది ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చెప్పక్కర్లేదు. అనకాపల్లి దగ్గర ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి, రంగు కలిపిన లక్క కడ్డీని తిరిగే కర్రకు ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో ఒత్తి మెరుపు తెస్తారు. పొడి గుడ్డతో తుడిస్తే ఆ మెరుపు ఏళ్లతరబడి ఉంటుంది. వేడి గిన్నె పెడితే ఒక్క నిమిషంలో పోతుంది.

ఈ లక్కే విశాఖపట్నం వడ్రంగుల చేతిలో మరో విద్య అయింది. 17వ శతాబ్దం చివరికల్లా అక్కడ నల్ల కర్రలోనూ టేకులోనూ ఏనుగుదంతం పొదిగి యూరోపియన్ల కోసం కుర్చీలు, పెట్టెలు, బల్లలు చేసేవాళ్లు. తర్వాతి శతాబ్దంలో పొదగడం తగ్గి, గంధపు కర్రమీద దంతపు రేకులు మొత్తంగా అతికించడం పెరిగింది. రేకుమీద పువ్వులూ తీగలూ గీసి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవాళ్లు. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ ఇంగ్లండుకు పట్టుకెళ్లిన ఇలాంటి సామాన్లను 1781లో మూడో జార్జి రాజు షార్లెట్ రాణి కోసం కొన్నాడు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ విశాఖ పనితనం ఉంది. వాటిని అద్దాల వెనక, వేడీ తేమా అదుపులో ఉన్న గదుల్లో ఉంచడం ఆడంబరానికి కాదు. దంతం తడి పీల్చి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. కింద ఉన్న కర్ర కదలిక వేరు, పైనున్న రేకు కదలిక వేరు. తడి గుడ్డ తగిలితే రేకు లేస్తుంది, స్పిరిట్ తగిలితే గీతల్లోని లక్క చెదురుతుంది. మెత్తని కుంచెతో దుమ్ము దులపడానికి మించి ఇంట్లో ఎవరూ ఏమీ చేయకూడదు. మన తాతల కాలపు గంధపు పెట్టెలు, దువ్వెన పెట్టెలు ఉన్నవాళ్లు కోస్తాలో ఇప్పటికీ ఉన్నారు. నా మాట వాళ్లకే.

పంతొమ్మిదో శతాబ్దంలో జమీందారుల దివాణాల్లోకి, ఆ వెనకే ప్లీడర్ల ఇళ్లలోకి పాలిష్ పెట్టిన సామాన్లు వచ్చాయి. లక్క రేకుల్ని స్పిరిట్‌లో కరిగించి, దూది ఉండను గుడ్డలో చుట్టి, పదుల సార్లు పలచగా రాస్తే అద్దంలాంటి మెరుపు వస్తుంది. దాన్నే ఫ్రెంచి పాలిష్ అన్నారు, మన పనివాళ్ల నోట స్పిరిట్ పాలిష్ అయింది. చిత్రంగా, లక్క మనది, పేరు ఫ్రాన్సుది. ఆ రోజుల్లో గ్రామఫోను రికార్డుల్లో కూడా ఇదే లక్క ఉండేది. దాని గిరాకీ ఎంతంటే 1924లో రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో లక్క మీద ప్రత్యేకంగా పరిశోధన సంస్థే పెట్టారు.

అసలు పొరపాటు ఇక్కడే మొదలైంది. కడిగితే శుభ్రం అని వెయ్యేళ్లుగా నేర్చిన చేతులు పాలిష్ బల్లనూ తడి గుడ్డతోనే తుడిచాయి. లక్క పొరలోకి తేమ చేరితే తెల్లగా మబ్బు పడుతుంది. మా తాతగారి రాతబల్లమీద కాఫీ గ్లాసు పెట్టిన తెల్లటి వలయాలు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అమ్మ పండగ పండగకీ వాటిని సబ్బు నీళ్లతో రుద్దేది, అవి ఇంకా పెరిగేవి. చివరికి ఒక ముసలి పాలిష్ మేస్త్రీ వచ్చి, గుడ్డకు స్పిరిట్ తగిలీ తగలనట్టు అద్ది, వలయం మీద వేగంగా ఒకటి రెండుసార్లు ఆడించాడు. మబ్బు విడిపోయింది. స్పిరిట్ పాలిష్ గొప్పతనం అదే, దెబ్బ తగిలినచోట దాన్నే మళ్లీ కరిగించి సరిచేయొచ్చు. ఆ తర్వాత వచ్చిన ఏ పూతకూ ఈ గుణం ఇంతగా లేదు.

ఇత్తడి పూలు, ఇత్తడి మూలలు కొట్టిన భోషాణాలకు ఇంకో రకం దెబ్బ తగిలింది. బిందెను చింతపండుతో తోమినట్టే వాటినీ తోమారు. చింతపండు పులుపు ఇత్తడి మీది చిలుమును కరిగిస్తుంది, నిజమే. కానీ ఆ రసం పక్కనున్న కర్రలోకి ఇంకి మరక పడుతుంది. ఇనప మేకు ఉన్నచోట తడి తగిలితే కర్రలోని వగరు ఇనుముతో కలిసి నల్లటి మచ్చ అవుతుంది, అది రుద్దితే పోయేది కాదు. ఇత్తడిని విప్పి తోమాలి, విప్పలేకపోతే చుట్టూ మైనం కాగితం పరిచి పొడి గుడ్డతో సరిపెట్టాలి.

పేము కుర్చీ దగ్గర మాత్రం నీళ్ల అలవాటు మనకు మేలే చేసింది. పడక కుర్చీల్లో, దొరల బంగళాల వరండాల్లో పేము అల్లిక ఎక్కువ. అల్లిక కిందికి దిగిపోతే కుర్చీని తిరగేసి, అడుగు వైపు వేడి నీళ్లలో ముంచిన గుడ్డతో బాగా తడిపి, గాలి ఆడేచోట నీడలో ఒక రోజంతా ఉంచాలి. ఆరుతూ పేము ముడుచుకుని మళ్లీ బిగుస్తుంది. పైవైపు నున్నటి తొక్క నీళ్లు పీల్చదు కాబట్టి అడుగు నుంచే తడపాలి.

కిరసనాయిలు ఊళ్లలోకి వచ్చాక మంచాల సందుల్లో అదే పోశారు. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై ఇళ్ల గోడలకు డీడీటీ కొట్టినప్పుడు దోమలతోపాటు నల్లులూ చచ్చాయి. మంచం ఎండేసే అలవాటు అప్పటి నుంచే పలచబడింది. కొన్నేళ్లకు నల్లులు డీడీటీకి లొంగకుండా తయారయ్యాయి, ఎండకు లొంగని నల్లి మాత్రం ఇప్పటిదాకా పుట్టలేదు.

ఉక్కు బీరువా వచ్చాక చెద భయం పోయింది. 1897లో తాళాలతో మొదలైన గోద్రెజ్ సంస్థ 1923లో ఉక్కు సామాన్లు చేయడం మొదలుపెట్టింది. తర్వాతి తరాల్లో బీరువా లేని పెళ్లి సారె అరుదైంది. కానీ ఉక్కుకు శత్రువు తడి నేల. మనం రోజూ ఇల్లు కడుగుతాం, బీరువా కాళ్లు ఆ తడిలోనే ఉంటాయి. తుప్పు ఎప్పుడూ కింది నుంచే ఎక్కుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నంలో ఉప్పుగాలికి ఇంకా తొందరగా. కాళ్ల కింద రబ్బరు తొడుగులు, రంగు లేచినచోట వెంటనే ఒక చుక్క రంగు, ఇంతే అది అడిగేది.

1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు అడవుల గురించిన గోదావర్మన్ కేసులో ఇచ్చిన ఉత్తర్వు మన ఇళ్లలోని బల్లల్ని కూడా మార్చిందంటే చాలామంది నమ్మరు. కేంద్రం అనుమతి లేకుండా అడవుల్లో జరిగే అటవీయేతర పనులు ఆపమన్నది, ఈశాన్య రాష్ట్రాల నుంచి కలప బయటికి రావడాన్ని కట్టడి చేసింది. అడవి కలప దొరకడం కష్టమైంది. పొట్టు చెక్కలు, పీచు చెక్కలు, వాటిపై అతికించిన సన్‌మైకా రేకులు ఆ ఖాళీని నింపాయి. అడవికి మంచే జరిగింది. ఇంటికి మాత్రం పూర్తిగా కొత్త రకం వస్తువు వచ్చింది. రేకు పైన నీళ్లు పోసినా ఏమీ కాదు. అంచుల్లోంచి ఒక్క చుక్క లోపలికి దిగితే పొట్టు ఉబ్బి, ఇక ఎప్పటికీ చదును కాదు. వంటింటి అరల అడుగులు పాడయ్యేది గిన్నెల బరువుకు కాదు, నేల తుడిచే తడికి. అంచు పట్టీ లేస్తే ఆ వారమే అతికించాలి.

ప్లాస్టిక్ కుర్చీది దీనికి తిరగబడ్డ కథ. ఫ్రాన్సులో 1972లో హెన్రీ మాసొనే చేసిన కుర్చీ ఒకే అచ్చులో పోసే కుర్చీలకు పేరు తెచ్చింది. మన పెళ్లి పందిళ్లను ఇవాళ నింపుతున్నవి దాని వారసులే. కడగొచ్చు, రుద్దొచ్చు, తడిలో వదిలేయొచ్చు. ఎండలో మాత్రం వదలకూడదు. ఎండలోని అతినీలలోహిత కాంతికి ప్లాస్టిక్ పైపొర సున్నంలా పొడి రాలి, పెళుసెక్కి, ఒకరోజు కూర్చున్న మనిషి కిందే విరుగుతుంది. మంచాన్ని బాగుచేసిన ఎండే దీన్ని చంపుతుంది. తోలులా కనిపించే సోఫా గుడ్డ గాలిలోని తేమకే విడిపోతుంది. పైపొర పెచ్చులుగా ఊడడం మొదలైతే నూనె రాసి లాభం లేదు.

నూనె మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. కొబ్బరినూనె కర్రకు పట్టిస్తే ఆ పూటకి మెరుస్తుంది, ఆరదు, దుమ్ము పట్టి జిడ్డవుతుంది. ఆరే నూనె అవిసె నూనె, గాలి తగిలి గట్టిపడి పొరలా నిలుస్తుంది. అయితే అది తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూల పడేస్తే లోపల వేడి పుట్టి దానంతటదే అంటుకోగలదు. గుడ్డను విప్పి ఆరుబయట పరవాలి, లేదా నీళ్లలో ముంచాలి. బజార్లో దొరికే స్ప్రే పాలిష్‌లు చాలావాటిలో సిలికోన్ ఉంటుంది. చిన్న పగుళ్లలోంచి అది కర్రలోకి దిగితే, తర్వాత ఎప్పుడైనా కొత్త పాలిష్ పెట్టించినప్పుడు పూత అక్కడ అంటుకోక చిన్న చిన్న గుంటలు పడతాయి. పాత సామాన్లకు నేనైతే వాడను. పలచగా తేనెమైనం రాసి పొడి గుడ్డతో రుద్దడం చాలు.

మీ ఇంట్లో పెద్దల నాటి బల్లో కుర్చీయో ఉంటే, ఏదైనా రాసే ముందు దాన్ని తిరగేసి, ఎవరికీ కనపడని అడుగు వైపు దూదితో ఒక చుక్క స్పిరిట్ అద్ది చూడండి. జిగురు జిగురుగా కరిగితే అది లక్క. కరగకపోతే అక్కడే ఒక చుక్క థిన్నర్ వేయండి, దానికి కరిగితే లక్కర్ పూత. దేనికీ కదలకపోతే ఈమధ్య కాలపు మెలమైన్ పూతో, పీయూ (పాలీయురేథేన్) పూతో. ఈసారి పాలిష్ పనివాడు వచ్చినప్పుడు ఏం పూశాడో అడిగి, ఆ పేరూ తేదీ ఒక కాగితం మీద రాసి బల్ల అడుగున అంటించండి. మీ తర్వాత దాన్ని తుడవబోయే చేతికి అది తెలియాలి.