'ఎ', 'ని', 'మదె': జపనీస్‌లో గమ్యం చెప్పే తీరు

ఉత్తర జపాన్‌లోని అఒమొరి, అకిత ప్రాంతాల గురించి ఒక ముచ్చట చెబుతారు. చలిలో ఇద్దరు ఎదురుపడతారు. "దొ స?" అని ఒకరు, "యు స" అని ఇంకొకరు. ఎక్కడికని ప్రశ్న, వేన్నీళ్ల స్నానానికని జవాబు. కర్త లేదు, క్రియ లేదు. 'స' అనే ప్రత్యయమే పనంతా చేసింది. ప్రామాణిక జపనీస్ నేర్పే పుస్తకాల్లో ఈ 'స' కనిపించదు. దాని చోట 'ఎ' గానీ 'ని' గానీ ఉంటుంది.

ఈ తేడా చాలా పాతది. 1604-08 మధ్య నాగసాకిలో అచ్చయిన తన వ్యాకరణంలో పోర్చుగీసు జెసూట్ మతగురువు జువావ్ రోడ్రిగెస్ అప్పటి నానుడి ఒకటి నమోదు చేశాడు. దాని సారం: క్యోతోలో 'ఎ', క్యూషూ వైపు 'ని', తూర్పు ప్రాంతంలో 'స'. ఒకే పనికి మూడు సీమల్లో మూడు ప్రత్యయాలన్నమాట. 'ఎ' దిక్కును చెబుతుంది, 'ని' గమ్యాన్ని చెబుతుంది అని తరగతి గదిలో వల్లె వేయించే సూత్రం ఈ సాక్ష్యం ముందు కాస్త పలచబడుతుంది.

అలాగని సూత్రం పూర్తిగా గాలిలోంచి పుట్టలేదు. 'ఎ'కి మూలం పక్క, దాపు అనే అర్థమున్న 'హె' అనే నామం. ఇప్పటికీ దాన్ని 'హె' అక్షరంతో రాసి 'ఎ' అని పలుకుతారు. 1946 నాటి వర్ణక్రమ సంస్కరణ కూడా ఆ పాత రాతను కదపలేదు. అయితే దిక్కును చూపిన మాట గమ్యానికీ పాకడంతో 'టోక్యో ఎ ఇకు', 'టోక్యో ని ఇకు' (టోక్యో వెళ్లడం) రెండూ నేడు చెల్లుతున్నాయి. వీటి మధ్య అర్థభేదం కోసం తవ్వడం కన్నా, ఒకదాని చోట మరొకటి ఒదగని వాక్యాలు వెతకడం మేలు.

అమ్మకు రాసిన ఉత్తరం 'హహ ఎ నొ తెగమి'. ఇక్కడ 'ని నొ' అనే జంట కుదరనే కుదరదు. అదే 'తబె ని ఇకు' (తినడానికి వెళ్లడం)లో 'ఎ' పెడితే వాక్యం చెడుతుంది. అయిదింటికి 'గొజి ని', అమ్మకి ఇవ్వడం 'హహ ని అగెరు'. ప్రయోజనం, కాలం, గ్రహీత అన్నింటికీ 'ని' వాడతారు కాబట్టి తెలుగువారికి అది మన 'కి'లాగే తోస్తుంది. కానీ 'టోక్యో ని ఇరు' అంటే టోక్యోలో ఉండటం! మన వ్యాకరణాలు కిన్, కున్, లోన్‌లను ఒకే షష్ఠీ విభక్తిలో చేర్చడం ఇక్కడ సరదాగా గుర్తొస్తుంది. ఇది కాకతాళీయమే, బంధుత్వానికి రుజువు కాదు. జపనీస్‌కు తమిళంతో చుట్టరికం ఉందని జపాన్ భాషావేత్త ఒనో సుసుము చేసిన వాదాన్ని కూడా తులనాత్మక భాషావేత్తల్లో ఎక్కువమంది అంగీకరించలేదు.

అసలు పెత్తనం క్రియది. 'అరుకు' అంటే నడవడం. అది నడిచే తీరును చెబుతుందే తప్ప చేరడాన్ని చెప్పదు. అందుకే 'ఎకి ని అరుకు' (స్టేషనుకి నడవడం) జపనీయుల చెవికి ఎబ్బెట్టు. ఎంత దూరమో చెప్పే 'మదె'తో 'ఎకి మదె అరుకు' అనాలి, లేదా వెళ్లడాన్ని తోడు తెచ్చుకుని 'ఎకి ఎ అరుఇతె ఇకు' అనాలి. తెలుగులోనూ 'స్టేషను దాకా నడిచాడు', 'స్టేషనుకి నడిచి వెళ్లాడు' అన్నంత సాఫీగా 'స్టేషనుకి నడిచాడు' నోట రాదు.

ఈ పోలిక బస్సు దగ్గర తెగిపోతుంది. మనం 'బస్సు ఎక్కాడు', 'బస్సు దిగాడు' అంటాం. రెండుచోట్లా ప్రత్యయం లేదు. జపనీస్‌లో ఎక్కడం చేరిక కాబట్టి 'బసు ని నొరు', దిగడం విడిచిరావడం కాబట్టి 'బసు ఒ ఒరిరు'. ఇంట్లోంచి బయటికి రావడం 'ఇఎ ఒ దెరు'. ఆకాశంలో ఎగరడం కూడా 'సొర ఒ తొబు'. ద్వితీయా విభక్తిలా కనిపించే 'ఒ' విడిచిన చోటుకూ, దాటే దారికీ పనిచేస్తుంది. ద్వితీయ అనగానే కర్మను వెతికే తెలుగు విద్యార్థికి 'ఎ', 'ని'ల తగువు కన్నా ఇదే పెద్ద చిక్కు.

పత్రికల శీర్షికలు 'ఎ'ని మరో దారి పట్టించాయి. ప్రధాని రాజీనామా చేయబోతున్నారని చెప్పడానికి 'షుషొ, జినిన్ ఎ' అంటే చాలు. ఇక్కడ గమ్యం ఊరు కాదు, జరగబోయే సంగతి. క్రియ అక్కర్లేదు, భవిష్యత్తును ప్రత్యయమే మోస్తుంది. ఆ చోట 'ని' పెడితే ప్రధాని ఆ స్థితికి చేరుకున్నట్టే ధ్వనిస్తుంది. పాఠ్యపుస్తకం చెప్పిన దిక్కు, గమ్యాల తేడా ప్రయాణ వాక్యాల్లో కన్నా ఇక్కడే తేటగా కనిపిస్తుంది.