రామప్ప నల్లరాయి, అమరావతి సున్నపురాయి

గుజరాత్ రాష్ట్రంలోని సూరత్ మైదానం తపతీ నది తెచ్చి పరచిన ఒండ్రునేల. ఆ నగరంలోని పాండేసర పారిశ్రామికవాడ నిలిచినది ఈ నేలమీదనే. ఎగువన తపతి చాలాదూరం దక్కను నల్లరాతి ప్రాంతం గుండా ప్రవహిస్తుంది. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం లావా ప్రవాహాలు గట్టిపడగా ఏర్పడిన బసాల్టు అది. నిప్పులో పుట్టిన ఆ రాయి అరిగి, పొడియై, నీటివెంట వచ్చి ఇక్కడ పొరలుగా పేరుకొన్నది. అగ్నిశిలకు, అవక్షేపానికి గల సంబంధం ఇట్టిది.

సూరత్‌లో మగ్గాల పనికై వచ్చి స్థిరపడిన తెలుగువారిలో అనేకుల స్వస్థలం తెలంగాణ. అక్కడి కాకతీయ శిల్పానికి అగ్నిశిల, దిగువ కృష్ణాతీరపు బౌద్ధశిల్పానికి అవక్షేపశిల ఆధారమైనవి. రాయి పుట్టుక శిల్పం రూపాన్నేగాక దాని భవితవ్యాన్ని సైతం ఎట్లు నిర్ణయించినదో ఈ రెండింటిని పోల్చి చూచినపుడు తెలియగలదు.

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప దేవాలయం కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుని నిర్మాణం. అక్కడి శాసనం 1213 నాటిది. 2021లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఆలయపు గోడలకు వాడినది ఇసుకరాయి. సూక్ష్మమైన చెక్కడాలు గల స్తంభాలకు, మదనికలకు వాడినది డోలరైట్ అనే నల్లరాయి. ఏ రాయి ఏ పనికి తగునో ఆనాటి శిల్పులకు బాగుగా తెలుసుననుటకు ఈ ఎంపికయే నిదర్శనం.

శిలాద్రవం భూమిలోపలి పగుళ్లలోనికి చొచ్చుకొనిపోయి చల్లబడగా డోలరైట్ ఏర్పడుతుంది. దాని స్ఫటికాలు చిన్నవై ఒకదానితో ఒకటి గట్టిగా పెనవేసుకొని ఉంటాయి. పొరలు లేనందున ఎటునుండి చెక్కినా రాయి పలకలుగా ఊడిపోదు. ఖనిజ కాఠిన్యాన్ని 1 నుండి 10 వరకు కొలిచే మోస్ ప్రమాణంలో, దీనిలోని ఫెల్స్‌పార్ కాఠిన్యం సుమారు 6. చెక్కడం మిక్కిలి శ్రమతో కూడిన పని. అయినా ఒకసారి ఏర్పడిన నునుపు శతాబ్దాలపాటు నిలుస్తుంది.

అమరావతి శిల్పాలకు వాడిన పలనాటి సున్నపురాయి ఇందుకు భిన్నమైనది. కోట్ల సంవత్సరాల క్రితం నీటి అడుగున పొరలుగా పేరుకొని గట్టిపడిన రాయి ఇది. వాడుకలో దీనిని పాలరాయి అనుట కద్దు. కాని పాలరాయి, వేడిమికి, ఒత్తిడికి లోనై రూపం మారిన సున్నపురాయి. పలనాటి రాయి అట్లు మారినది కాదు. ఇది వెడల్పైన పలకలుగా లభిస్తుంది. ఇందులోని ప్రధాన ఖనిజమైన కాల్సైటు కాఠిన్యం 3 మాత్రమే. కనుకనే శాతవాహనుల కాలపు శిల్పులు ఒక్కొక్క పలకపై జనసమూహాలతో కూడిన జాతక కథలను చిత్రించగలిగిరి. కొన్ని పలకలపై స్తూపాన్నే చెక్కిరి. నేడు శిథిలమైన మహాస్తూపం ఒకప్పుడు ఎట్లుండెనో ఊహించుటకు ఆ పలకలే మనకు ముఖ్యాధారాలు.

అయితే ఉలికి లొంగిన ఆ కాల్సైటే ఈ శిల్పాలకు చేటు తెచ్చినది. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వరకు కాల్చినచో బొగ్గుపులుసు వాయువు పోయి సున్నం మిగులుతుంది. శుద్ధమైన రాయి 100 కిలోలకు 56 కిలోల సున్నం వస్తుంది. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్టణం నిర్మించునపుడు స్తూపపు దిబ్బను తవ్వి ఇటుకలను, రాళ్లను తరలించిరి. ఎన్నో శిల్పఫలకాలు సున్నపు బట్టీల పాలైనవి. ఆ కాలంలోనే ఈ స్థలాన్ని చూచిన కాలిన్ మెకంజీ 1816లో తిరిగివచ్చి, మిగిలిన శిల్పాలకు చిత్రాలు వేయించెను. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరినవి. వాటిలో నూటికి పైగా 1859లో లండన్‌కు తరలిపోయినవి.

నల్లరాయిని ఎంత కాల్చినా సున్నం రాదు. అది సిలికేటు ఖనిజాల సముదాయం. రామప్ప మదనికలకు బట్టీల భయం లేకపోవుటకు కారణం భక్తి మాత్రమే కాదు, ఆ రాతి స్వభావం కూడ. ఇంతమాత్రాన ఒక రాయి ఉత్తమం, మరొకటి అధమం అనుట సరికాదు. సున్నపురాయి మెత్తదనం లేనిచో అమరావతి శైలి ఆ రూపంలో వెలసియుండదు.

ఈ భేదం నేటి పరిరక్షణకు సైతం అవసరమైనది. ఆమ్లం తగిలినంతనే సున్నపురాయి నురగలు కక్కి కరుగుతుంది. నల్లరాయి అంత సులభంగా చలించదు. ఒకదానికి తగిన శుభ్రతా విధానం మరొకదానికి విషం కావచ్చును. మన ప్రదర్శనశాలలలో శిల్పం పేరు, కాలం వ్రాయుచోట రాతి జాతిని కూడ తప్పక పేర్కొనవలెను. శిల్పాన్ని కాపాడవలసినవారు మొదట తెలిసికొనవలసినది ఆ రాతి స్వభావమే.