కోలారు రాతిలో వేడి, విమానంలోంచి కొలత

రాళ్లలో ఉండే యురేనియం, థోరియం, పొటాషియం నెమ్మదిగా క్షీణిస్తూ వేడిని పుట్టిస్తాయి. 1906లో ఇంగ్లండ్‌లో భౌతిక శాస్త్రవేత్త ఆర్.జె. స్ట్రట్ రాళ్లలోని రేడియంను కొలిచి, భూమి లోపలి వేడికి ఇదొక ప్రధాన కారణమని లెక్కగట్టి చూపాడు. ఈ క్షీణతలోనే గామా కిరణాలూ వెలువడతాయి. వాటిని పైనుంచి లెక్కపెడితే కింది రాయి ఎంత వేడిని పుట్టిస్తోందో అంచనా వేయవచ్చు. ఈ ఆలోచన ఆచరణలోకి రావడానికి మాత్రం చాలా దశాబ్దాలు పట్టింది.

మొదట్లో విమానాలు ఎగిరింది యురేనియం కోసమే. భారతదేశంలో అణు ఖనిజాల విభాగం 1950ల నుంచి ఈ సర్వేలు చేసింది. 1967లో మొదలైన 'ఆపరేషన్ హార్డ్ రాక్' రాజస్థాన్, బీహార్‌లతో పాటు ఆంధ్రప్రదేశ్‌లోనూ సాగింది. దాని గురి రాగి, సీసం వంటి లోహాలు. తొలి పరికరాలు మొత్తం కిరణాల సంఖ్యనే చెప్పేవి. తర్వాత సోడియం అయొడైడ్ స్ఫటికాలతో పనిచేసే వర్ణపటమాపకాలు వచ్చి మూడు మూలకాలనూ విడదీశాయి: పొటాషియానికి 1.46, యురేనియం వరుసకు 1.76, థోరియం వరుసకు 2.61 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గుర్తు. ఆ మూడు మోతాదులు, రాతి సాంద్రత తెలిస్తే ఉష్ణోత్పత్తిని లెక్కించవచ్చు. 1980లో కెనడా భూవిజ్ఞానులు రిచర్డ్‌సన్, కిలీన్ ఈ పద్ధతిలో ప్రాంతీయ ఉష్ణోత్పత్తి పటాలు ఎలా తయారుచేయవచ్చో వివరించారు.

ఈ పద్ధతి విలువా పరిమితీ రెండూ కోలారు బంగారు గనుల దగ్గర బాగా అర్థమవుతాయి. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ చేతికి వచ్చిన ఈ గనులు చివరికి 3 కిలోమీటర్లకు మించి లోతుకు దిగాయి. చాంపియన్ రీఫ్ అడుగున రాయి 60 డిగ్రీల సెల్సియస్ దాటి కాగేది. కార్మికులు పనిచేయాలంటే గాలిని చల్లబరిచే యంత్రాలు తప్పలేదు. అంత వేడి చూసినవారికి కోలారు భూతాపశక్తికి నిధి అనిపించడం సహజం. అయితే 1960లలో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కొలిచినప్పుడు ఇక్కడి ఉష్ణ ప్రవాహం తక్కువని తేలింది. కోలారు ఉన్న ధార్వాడ్ ప్రాచీన శిలాఖండంలో చదరపు మీటరుకు స్థూలంగా 25 నుంచి 50 మిల్లీవాట్లే పైకి వస్తాయి. గని వేడెక్కింది లోతు వల్ల. బంగారు నాళాన్ని మోసే ఆంఫిబొలైట్ రాయిలో ఆ మూడు మూలకాలూ చాలా తక్కువ. చుట్టూ ఉన్న గ్రానైట్లు, నైస్‌లు దానికన్నా మెరుగు. గామా పటం మీద ఈ తేడా స్పష్టంగా కనిపించే రకం. 2004లో శాస్త్రవేత్తలు సెంథిల్ కుమార్, జి.కె. రెడ్డి ధార్వాడ్ రాళ్లలో లోతును బట్టి ఉష్ణోత్పత్తి ఎలా మారుతుందో నేలమీది కొలతలతో వివరించారు.

విమానం చూడగలిగేది పై అరమీటరు మందాన్నే. పైన నీరుంటే అదీ కనబడదు. కోలారు దగ్గర పాలారు నది మీద ఉన్న బేతమంగళ చెరువు దశాబ్దాలపాటు గనులకు నీరిచ్చింది. ఒక మీటరు నీరు గామా కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది కనుక అలాంటి చెరువు పటంలో ఖాళీగా కనబడుతుంది. సర్వే బృందాలు దీన్ని మేలుగా మలచుకుని, నీటి మీద ఎగిరి విమానం, గాలి, విశ్వకిరణాల నేపథ్య లెక్కను సరిచూసుకుంటాయి. గని వ్యర్థాల దిబ్బలు మాత్రం చిక్కు. అక్కడ పటం చెప్పేది తవ్విపోసిన పొడి సంగతి, అడుగు నేల సంగతి కాదు.

ఈ పద్ధతి బాగా అక్కరకొచ్చిన చోటు ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్. 2013లో అక్కడ జరిగిన 'టెల్లస్' విమాన సర్వే వివరాలను శాస్త్రవేత్తలు బీమిష్, బస్బీ 2016లో ఉష్ణోత్పత్తి లెక్కగా మార్చి, బోరు కొలతలతో పోల్చారు. అక్కడి గ్రానైట్ల మీద ఉష్ణ ప్రవాహం 120 మిల్లీవాట్ల దాకా ఉంటుంది, కోలారు వైపు అందులో సగం కన్నా తక్కువే.

తెలంగాణలోని మణుగూరు దగ్గర పగిడేరులో సంగతి వేరు. బొగ్గు కోసం వేసిన బోరులో వేడినీరు పడింది, దాని ఆధారంగానే సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రం ఏర్పాటుచేసింది. అక్కడ వేడి అవక్షేప శిలల్లోని నీటి ప్రవాహం వెంట వస్తుంది. అలాంటి వేడికి ఉపరితల గామా పటం ఆనవాలు ఇవ్వలేదు. దానికి బోరు ఉష్ణోగ్రతలు, నీటి రసాయన పరీక్షలే దారి. గ్రానైట్ నేలల్లో ఎక్కడ బోరు వేయాలో వెతికేటప్పుడు విమాన సర్వే మొదటి వడపోతగా పనికొస్తుంది. కోలారు వంటి చోట్లను ముందే పక్కన పెట్టడం కూడా దాని ప్రయోజనమే.