కారు సీటు మీద ఉన్ని గుడ్డ

లీసెస్టర్ అనగానే మనవాళ్ళకు మేజోళ్ళు, బనియన్లు, స్వెట్టర్లు గుర్తుకు వస్తాయి. వాటి వెనుక ఒక గొర్రె ఉన్నదని సాధారణంగా తట్టదు. మన ఊరికి ఉత్తరాన, లఫ్‌బరో దగ్గరి డిష్లీలో రాబర్ట్ బేక్‌వెల్ (1725–1795) అనే రైతు ఎంచి ఎంచి పొట్టేళ్ళను మందలో కలిపి లీసెస్టర్ లాంగ్‌వూల్ అనే జాతిని తీర్చిదిద్దాడు. ఆయన చూపు మాంసం మీదనే అయినా, పొడవుగా మెరిసే ఉన్ని వల్లనే ఆ గొర్రెకు ఆ పేరు నిలిచింది. ఇటువంటి జిల్లాలో ఉంటున్న మనం, ఉన్ని మోటారు కారెక్కిన కథ కొంచెం తెలుసుకోవడం బాగుంటుంది.

నేడు తోలు సీటంటే గొప్ప, గుడ్డ సీటంటే చౌక. నూరేళ్ళ కిందట లెక్క వేరు. గుర్రపు బగ్గీల కాలంలో బండి తోలేవాడు బయట వానలో కూర్చునేవాడు. తుడిస్తే ఆరే తోలు అతనికి. లోపలి దొరలకు చలికి వెచ్చగా ఉండే ఉన్ని గుడ్డ. బగ్గీలు కట్టిన కార్ఖానాలే తరువాత కార్లకు పైకట్టు కట్టాయి గనుక ఆ ఆచారమూ వెంట వచ్చింది. ముందు డ్రైవరుకు తోలు, వెనుక యజమానికి గ్లాస్టర్‌షైర్, విల్ట్‌షైర్ ప్రాంతాలలో నేసిన 'వెస్ట్ ఆఫ్ ఇంగ్లండ్' గుడ్డ. 2002లో ఎలిజబెత్ రాణికి కానుకగా ఇచ్చిన బెంట్లీ కారులో కూడా వెనుక సీట్లకు ఉన్ని గుడ్డే, ముందు వాటికి తోలు.

మన హైదరాబాదుకూ ఈ కథలో చోటుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కోరి చేయించుకున్న రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు పైకట్టు కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. కారు చేతికి రాకముందే, 1911 ఆగస్టులో, ఆయన కన్నుమూశారు. వెనుక సీటు సింహాసనంలా ఎత్తుగా అమర్చిన ఆ పసుపు కారును ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో చూడవచ్చు.

ఇక ఉన్ని స్వభావం. ఉన్నిపోగు మీద ఇంటికప్పు పెంకుల్లాంటి సన్నని పొరలుంటాయి. వేడినీళ్ళు, చాకలిసోడా, రుద్దుడు కలిస్తే ఆ పొరలు ఒకదానితో ఒకటి చిక్కుకుని గుడ్డ దగ్గరపడి గట్టిపడుతుంది. మన అమ్మలు పట్టుకూ శాలువకూ సబ్బు వద్దని కుంకుడుకాయ వాడడంలో ఈ తెలివే ఉంది. కాని కుంకుడు రసం కారు సీటుకు పనికిరాదు. శాలువను జాడించవచ్చు గాని సీటును జాడించలేం. గుడ్డ కింద గుర్రపు వెంట్రుకలు, దూది, గోనెపట్టా ఉంటాయి. అవి తడిస్తే ఆరేటప్పుడు లోపలి మురికి పైకి పాకి గోధుమరంగు మరకలు కడుతుంది.

కాబట్టి మొదటి పని దుమ్ము తీయడమే. సీటు మీద సన్నని నైలాన్ వల పరచి, వాక్యూమ్ క్లీనరును తక్కువ జోరులో నడపాలి. గొంగట్లో అన్నం తింటూ వెంట్రుకలు ఏరినట్లుంటుంది గాని మురికిలో అధికభాగం ఇలాగే పోతుంది. తరువాత కనబడని మూల తడి తెల్లగుడ్డ అద్ది, రంగు దిగితే అంతటితో ఆపాలి. దిగకపోతే, శుద్ధిచేసిన నీళ్ళలో పిండిన తెల్లగుడ్డతో అద్దాలి, రుద్దరాదు. నీడలో గాలికి ఆరనివ్వాలి.

అసలు శత్రువు చిమ్మట. రెక్కల పురుగు ఏమీ తినదు, దాని పిల్లపురుగే తింటుంది. చీకటి, కదలిక లేని చోటు, చెమట మరకలు దానికిష్టం. అందుకే షెడ్డులో భద్రంగా దాచిన కారునే అది ముందు కొరుకుతుంది. పోనీ ఎండలో పెడదామంటే రంగు వెలిసిపోతుంది. నెలకొకసారి తలుపులు తెరిచి, సీట్ల కింద దులిపి, కాసేపు నడిపి, మళ్ళీ నీడలో పెట్టడమే మార్గం.

పాత కారు కొన్నవారికి మొదట అందే సలహా, "చిరుగు గుడ్డ పీకేసి కొత్తది కుట్టించండి" అని. పురుగు పట్టి పొడిపొడిగా రాలుతుంటే అది తప్పదు. తక్కినచోట్ల తొందరపడరాదు. ఆ నేత, ఆ అద్దకం, ఆ కుట్టు చేసిన చేతులు ఇప్పుడు లేవు. విల్ట్‌షైర్‌లోని ట్రోబ్రిడ్జ్‌లో చివరి ఉన్నిమిల్లు 1982లో మూతపడింది. నలిగిందని పాత దస్తావేజును తిరగరాయించి అసలుది పారేస్తామా? చిరుగు కింద అదే రంగు గుడ్డ అతికి, పైన సన్నని వల కుడితే ఇంకో తరం నిలుస్తుంది. మార్చక తప్పకపోతే, పాతగుడ్డ ముక్కను కారు పేరు, తేదీ రాసి దాచాలి.

ఈ మాటలు కార్లు లేనివారికీ పనికివస్తాయి. ఇక్కడి తేమ ఇళ్ళలో అదే చిమ్మట మన పెట్టెల్లోని పట్టుచీరల మీద, శాలువల మీద కూడా పడుతుంది. వేపాకు, వసకొమ్ము మాత్రమే వేసి నిశ్చింతగా ఉండరాదు. కట్టి విప్పిన చీర మరకలతో మడవకండి. పురుగు అనుమానమైతే శాలువను పాలిథీన్ సంచిలో బిగించి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో రెండు వారాలుంచండి. మూడు నెలలకొకసారి పెట్టె తెరిచి, మడతలు మార్చి, ఇది ఎవరి చీరో పిల్లలకు చెప్పండి.