దీర్ఘకాలిక చీలమండ అస్థిరత: పునరావాస పద్ధతుల చరిత్ర

చీలమండ బెణికి, నొప్పీ వాపూ తగ్గిపోయాక కూడా కాలు మళ్లీమళ్లీ మడతపడుతుండటాన్ని, ఎప్పుడు మడతపడుతుందోనన్న అపనమ్మకం వదలకపోవడాన్ని దీర్ఘకాలిక చీలమండ అస్థిరత అంటారు. పాదం లోపలికి తిరిగి, బయటివైపు కణుపు కింద ఉండే స్నాయువులు సాగినా తెగినా ఇది మొదలవుతుంది. ముందుగా దెబ్బతినేది ముందువైపు సన్నని స్నాయువు. దెబ్బ గట్టిదైతే మడమ ఎముకకు దిగే రెండోదీ తెగుతుంది. జీవితంలో తొలిసారి కాలు బెణికినవారిని ఏడాదిపాటు గమనించిన డబ్లిన్ పరిశోధకులు 2016లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, వారిలో దాదాపు 40 శాతం మందికి ఈ అస్థిరత మిగిలిపోయింది. "బెణుకే కదా, అదే పోతుంది" అని కొట్టిపారేసే గాయానికి ఇది పెద్ద లెక్కే.

హైదరాబాద్‌లో ఈ సమస్య గురించి మాట్లాడుకోవడానికి కొత్తగూడ, కొండాపూర్, గచ్చిబౌలి తగిన చోటు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక పగలంతా కుర్చీలో గడిపే ఉద్యోగాలు ఇక్కడికి వచ్చాయి. 2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో స్టేడియాలు లేచాయి. 2008లో పుల్లెల గోపీచంద్ అకాడమీ తెరుచుకున్నాక బ్యాడ్మింటన్ ఈ చుట్టుపక్కల ఇంటి ఆటగా మారింది. హైదరాబాద్ మారథాన్ ముగిసేదీ గచ్చిబౌలి స్టేడియంలోనే. పదిగంటలు కదలని కాళ్లు సాయంత్రం ఒక్కసారిగా కోర్టులోకి దిగుతాయి. షటిల్ ఆడేవారికి ప్రమాదకరమైన మూల ఒకటుంది: కుడిచేతి ఆటగాడికి వెనక ఎడమవైపు. తలమీదుగా వెళ్లే షటిల్‌ను అందుకోవడానికి వెనక్కి ఎగిరి, శరీరం ఇంకా తిరుగుతుండగానే ఒంటికాలి మీద దిగాలి. చూపు షటిల్ మీద ఉంటుంది, పాదం దిగే చోటు మీద ఉండదు. గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో ప్రో కబడ్డీ చూసినవారికి ఇంకో దృశ్యం తెలుసు. రైడర్ చీలమండను డిఫెండర్ రెండు చేతులా పట్టేస్తాడు, రైడర్ దాన్ని మెలితిప్పి లాక్కుంటాడు.

కాలికి సంబంధించిన ప్రతి వార్తనూ ఈ ఖాతాలో వేయకూడదు. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన వెంటనే పి.వి. సింధు ఆటకు దూరమై, టోక్యో ప్రపంచ చాంపియన్‌షిప్ వదులుకున్నది ఎడమ కాలి ఎముకలో ఒత్తిడి వల్ల ఏర్పడిన పగులు కారణంగా. పగులుకు విశ్రాంతే ప్రధాన వైద్యం. అస్థిరతకు ఒట్టి విశ్రాంతి పనికిరాదు.

కట్టు కాలం

ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా బెణికిన కాలికి మందంటే కదలనీయకపోవడమే. తిరుపతి జిల్లా పుత్తూరు దగ్గర పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఒక రాజుల కుటుంబం మొదలుపెట్టిన పుత్తూరు కట్టు ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో చేసే పనీ అదే. హైదరాబాద్‌లో ఆ పేరుతో బోర్డులు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆస్పత్రుల్లో దానికి సమానం పిండికట్టు. నిజాం చారిటబుల్ ట్రస్టు పూనికతో 1964లో నగరంలో ఎముకల ఆస్పత్రి మొదలైంది. ఇప్పటి నిమ్స్ అదే. ఆ సమయానికి ప్రపంచంలో మరెక్కడా బెణుకుకు కట్టుకు మించిన ఆలోచన పెద్దగా లేదు. కట్టు వాపును, నొప్పిని తగ్గిస్తుంది. వారాలపాటు కదలని కాలు విప్పాక బిగుసుకుపోయి ఉంటుంది, పిక్క సన్నబడి ఉంటుంది. ఆ సంగతి కట్టు కట్టినవాళ్లకూ తెలుసు. అందుకే నూనె మర్దన.

తెగిన స్నాయువు, తెగిన వార్త

మలుపు 1960ల నడుమ వచ్చింది. స్వీడన్‌లో లెనార్ట్ బ్రోస్ట్రోమ్ 1964 నుంచి 1966 వరకు బెణుకుల మీద వరుస వ్యాసాలు రాశాడు. ఏళ్ల క్రితం తెగిన స్నాయువు కొసలను కూడా వెతికి పట్టుకుని నేరుగా కుట్టవచ్చని చివరి వ్యాసంలో చూపించాడు. అంతకుముందు వాట్సన్-జోన్స్, ఇవాన్స్ వంటివారు కాలి పక్క కండర స్నాయువును మళ్లించి కీలును బిగించేవారు. కీలు నిలిచేది గానీ సహజ కదలిక పోయేది. 1980లో నథానియల్ గౌల్డ్ కొంత మార్చిన బ్రోస్ట్రోమ్ పద్ధతే ఇప్పటికీ శస్త్రచికిత్సకు మూలం.

అదే సమయంలో లండన్‌లో మైకేల్ ఫ్రీమన్ వేరే దారి పట్టాడు. తరువాత కృత్రిమ మోకాలి కీళ్లతో పేరు తెచ్చుకున్న శస్త్రవైద్యుడాయన. కీలు ఎక్స్‌రేలో గట్టిగానే కనిపిస్తున్నా కొందరికి కాలు ఎందుకు తిరుగుతోంది అన్నది ఆయన ప్రశ్న. 1965లో సహచరులతో కలిసి ఇచ్చిన జవాబు ఇది: స్నాయువు తెగినప్పుడు అందులోని నరాల తంతువులూ తెగుతాయి, కాలు ఏ కోణంలో ఉందో మెదడుకు వార్త అందదు. కాబట్టి మళ్లీ నేర్పించాలి. కింద అర్ధగోళం బిగించిన చెక్క పలక మీద రోగిని ఒంటికాలితో నిలబెట్టి, అంచు నేలకు తగలకుండా ఆపమన్నాడు. ఇప్పుడు ఫిజియోథెరపీ గదుల్లో కనిపించే వొబుల్ బోర్డు చరిత్ర అక్కడ మొదలైంది.

తమాషా ఏమిటంటే, సిద్ధాంతం తర్వాత వీగింది, పలక మాత్రం మిగిలింది. 1993లో డెన్మార్క్ పరిశోధకుడు లార్స్ కొన్రాడ్‌సెన్ బృందం స్నాయువులకు మత్తు ఇచ్చి చూసింది. ఎవరో కదిపితే పరీక్షలో పాల్గొన్నవారు పాదం స్థానం పోల్చుకోలేకపోయారు గానీ, తామే కదుపుకున్నప్పుడు కండరాలు ఆ లోటు పూడ్చేశాయి. ఇంకో చిక్కూ తేలింది. కాలు మడతపడే వేగం ముందు, పక్క కండరం పసిగట్టి బలం చూపే వేగం చాలదు. అంటే అభ్యాసం నేర్పాల్సింది పడ్డాక కాపాడుకోవడం కాదు, పాదం నేలను తాకకముందే సరైన కోణంలో ఉంచడం. నా లెక్కలో ఈ చరిత్రలో ముఖ్యమైన దిద్దుబాటు ఇదే. కదలకుండా నిలబడటం మీద ఉన్న దృష్టి దూకి దిగడం మీదికి మళ్లింది ఇక్కడే. ప్యాట్రిక్ మెక్‌కియన్ బృందం 2008లో పరీక్షించిన నాలుగు వారాల, పన్నెండు తరగతుల పద్ధతిలో దూకి నిలదొక్కుకోవడం కేంద్రంగా ఉంది.

పోల్చాలంటే ముందు కొలవాలి

పద్ధతులను పక్కపక్కన పెట్టి చూడటం చాలాకాలం కుదరలేదు, ఎందుకంటే ఎవరి రోగి వారికి వేరు. 2002లో అమెరికాకు చెందిన జే హెర్టెల్ ఒక నమూనా ఇచ్చాడు. కీలు వదులై ఉండటం, నియంత్రణ లోపించడం, రెండూ కలవడం వేర్వేరు అన్నాడు. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన క్లేర్ హిల్లర్ బృందం తొమ్మిది ప్రశ్నల, 30 మార్కుల ప్రశ్నావళి తయారుచేసింది. మెట్లు దిగుతుంటే ఎలా ఉంటుంది, ఒంటికాలి మీద దూకితే ఎలా ఉంటుంది వంటివి అందులో ఉంటాయి. 2011లో అదే బృందం హెర్టెల్ విభాగాలను ఏడుకు పెంచింది. 2013లో అంతర్జాతీయ చీలమండ పరిశోధకుల సంఘం నియమాలు పెట్టింది: తొలి బెణుకు కనీసం 12 నెలల క్రితంది కావాలి, కాలు అస్థిరంగా ఉందని ఆ ప్రశ్నావళి వంటిదానితో నిర్ధారణ కావాలి.

ఆ తరువాత వచ్చిన పోలికల్లో తేలికగా అర్థమయ్యేది 2017 నాటిది. ఒక గుంపుకు వొబుల్ బోర్డు, ఇంకో గుంపుకు పాదాన్ని నాలుగు దిక్కులా లాగే సాగే రబ్బరు పట్టీ, నాలుగు వారాలు. రెండూ మేలు చేశాయి, పలకది పైచేయి. మరుసటి ఏడాది ఇంకో బృందం ఆరు వారాలు సమతుల్యత, బల సాధనలను పోల్చింది. పోలిక కోసం ఉంచిన మూడో గుంపుకంటే ఈ రెండు గుంపులూ బాగుపడ్డాయి, వాటి మధ్య తేడా మాత్రం అంత తేటగా లేదు. పట్టీతో లాగితే బలం వస్తుంది, దిగేటప్పుడు పాదం కోణం దానంతట అది సర్దుకోదు. కాకపోతే పట్టీ చవక, సంచిలో పడుతుంది.

చేతి వైద్యం మూడో దారి. ఆస్ట్రేలియాకు చెందిన జెఫ్రీ మైట్లాండ్, న్యూజిలాండ్‌కు చెందిన బ్రయాన్ మలిగన్ పేర్లతో నడిచే పద్ధతుల్లో చికిత్సకుడు మడమ పైఎముకను వెనక్కి నొక్కుతూ కీలుకు కదలిక తెస్తాడు. దీని అవసరం మనవాళ్లకు త్వరగా తెలుస్తుంది. బెణికిన కాలు మోకాలిని ముందుకు వంగనివ్వకపోతే గొంతుక్కూర్చోవడం కుదరదు, మడమ లేచిపోతుంది. గోడకు ఎదురుగా నిలబడి, మడమ ఎత్తకుండా మోకాలు గోడకు తాకే దూరం కొలిస్తే రెండు కాళ్ల తేడా సెంటీమీటర్లలో బయటపడుతుంది. నొక్కుడు ఆ దూరాన్ని పెంచుతుంది. కాలు తిరగడాన్ని ఒంటరిగా అది ఆపుతుందని ఆశించడం ఎక్కువ.

నెదర్లాండ్స్ లెక్క

ఫిజియో దగ్గరికి వెళ్లే తీరిక లేనివారికి పనికొచ్చే ఆధారం నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. బెణికిన 522 మంది క్రీడాకారులతో చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, సగం మంది మామూలు వైద్యం తర్వాత ఎనిమిది వారాలు ఇంట్లోనే సమతుల్య సాధన చేశారు. ఏడాదిలో మళ్లీ బెణికినవారు ఆ గుంపులో 22 శాతం, రెండో గుంపులో 33 శాతం. ఆ దేశమే 2014లో ఇంకో ఫలితం చూపి వ్యాయామ పక్షపాతులకు చురక పెట్టింది. సాధన మాత్రమే చేసినవారిలో 27 శాతం, ఆటలో చీలమండకు తొడిగే పట్టా (బ్రేస్) మాత్రమే వాడినవారిలో 15 శాతం, రెండూ పాటించినవారిలో 19 శాతం మందికి మళ్లీ బెణికింది. పట్టా కాలును బలహీనపరుస్తుందన్న భయానికి ఈ లెక్కల్లో ఊతం దొరకదు. స్వీడన్ ఫుట్‌బాల్ జట్లలో హాన్స్ ట్రోప్ 1985లోనే పట్టా, పలక రెండూ పాత గాయమున్నవారిని కాపాడాయని చూపించాడు.

ఇక్కడ పోలిక ఎవరి ప్రశ్నకు జవాబిస్తోందో గమనించాలి. మళ్లీ బెణకకపోవడం ఒక ఫలితం, కాలు మీద నమ్మకం రావడం ఇంకో ఫలితం. పట్టా మొదటిదాన్ని ఇస్తుంది, విప్పగానే రెండోది పరీక్షకు వస్తుంది. వారానికి రెండు రోజులు షటిల్ ఆడే ఉద్యోగికి పట్టా కట్టుకుని ఆడటం సబబే. కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లో చెట్ల వేళ్ల మీదుగా రోజూ నడిచే మనిషికి పాదమే నేర్చుకోవాలి. కీలు నిజంగానే వదులై, మూడు నాలుగు నెలలు శ్రద్ధగా చేసిన సాధన కూడా ఫలించనప్పుడు బ్రోస్ట్రోమ్ కుట్టు గుర్తుకు రావాలి, అంతకు ముందు కాదు.

ఆటకు ఎప్పుడు తిరిగి రావచ్చన్న దానికి వారాల లెక్కే కొలమానంగా ఉండేది. 2021లో నిపుణులు ఏకాభిప్రాయంతో ఇచ్చిన చట్రం నొప్పి, కీలు కదలిక-బలం, ఆటగాడి సొంత నమ్మకం, సమతుల్యత, ఆటలోని కదలికలు అనే ఐదింటినీ చూడమంటుంది. బ్యాడ్మింటన్‌కు చివరి పరీక్ష ఆ వెనక ఎడమ మూలలోనే పెట్టాలి: ఎగిరి, ఒంటికాలి మీద దిగి, ఆగకుండా నెట్ దగ్గరికి పరుగెత్తాలి. ముందు తీరిగ్గా, తర్వాత మూడో గేమ్ అలసటతో.