బెట్టింగ్ వ్యసనం: అప్పు తీరిస్తే సరిపోదు.. సాయం ఎక్కడ దొరుకుతుంది?

‘ఈ ఒక్కసారికి అప్పు కట్టేద్దాం, మళ్లీ ఆడడు’.. బెట్టింగ్‌లో డబ్బు పోగొట్టుకున్న వారి ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. కొన్నాళ్లకు కొత్త అప్పు బయటపడుతుంది. ఎందుకంటే తీరింది అప్పే, జబ్బు కాదు.

జబ్బు అని ఎలా గుర్తిస్తారు?

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో జూదాన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల సరసన చేర్చింది. మొత్తం 9 లక్షణాల్లో ఏడాది వ్యవధిలో కనీసం 4 కనిపిస్తే జూద వ్యసనంగా పరిగణిస్తారు. పోయిన డబ్బు రాబట్టుకోవాలని మళ్లీ ఆడటం, పందెం పెంచుకుంటూ పోవడం, ఇంట్లో అబద్ధాలు చెప్పడం, మానాలనుకున్నా మానలేకపోవడం వాటిలో కొన్ని. అప్పులు తీర్చమని పదేపదే ఇతరులను అడగడమూ ఒక లక్షణమే.

ఎందుకు ఆపలేరు?

‘కొద్దిలో తప్పిపోయింది’ అనిపించడమే పెద్ద ఉచ్చు. కేంబ్రిడ్జ్ వర్సిటీకి చెందిన ల్యూక్ క్లార్క్ బృందం 2009లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, గెలుపు అంచుదాకా వచ్చి ఓడినప్పుడు కూడా మెదడులో గెలిచినప్పుడు స్పందించే భాగాలే చురుగ్గా మారాయి. ఇంకా ఆడాలన్న కోరికా పెరిగింది.

చికిత్స ఏమిటి?

ప్రధానమైనది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. ‘ఈసారి తప్పకుండా వస్తుంది’ వంటి తప్పుడు నమ్మకాలను గుర్తించడం, ఆడాలనిపించినప్పుడు తట్టుకోవడం ఇందులో నేర్పిస్తారు. కొందరికి నాల్‌ట్రెక్సోన్ వంటి మందులు కూడా ఇస్తారు. డాక్టర్ సలహా లేకుండా మందులు వాడొద్దు.

ఎవరిని సంప్రదించాలి?

* టెలీ మానస్: 14416. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడొచ్చు. కుటుంబ సభ్యులూ ఫోన్ చేయొచ్చు.
* హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి.
* ఫోన్, ఆన్‌లైన్ గేమ్‌ల వ్యసనానికి బెంగళూరు నిమ్హాన్స్‌లో ‘షట్’ క్లినిక్ ఉంది.

విషయం బయటకు పొక్కుతుందా?

ఆన్‌లైన్ జూదాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. కేసు భయంతో కొందరు ఆస్పత్రికి వెళ్లరు. అయితే మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకోవడం రోగి హక్కు.

ఇంట్లో వాళ్లు ఏం చేయాలి?

చేతికి డబ్బు ఇవ్వొద్దు. మాట్లాడుకుని, కొంతకాలం బ్యాంకు ఖాతా, యూపీఐ లావాదేవీలను మరొకరు చూసుకునే ఏర్పాటు చేసుకోండి. ‘చచ్చిపోవాలని ఉంది’ అంటే బెదిరింపుగా కొట్టిపారేయకండి. ఒంటరిగా వదలొద్దు. వెంటనే 14416కు, ప్రాణాపాయం ఉంటే 112కు ఫోన్ చేయండి. అప్పు సంగతి తర్వాత చూసుకోవచ్చు.